ఓటీ డబ్బులు: హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో పదకొండేళ్లు పనిచేశాను. గేటు దగ్గర పంచింగ్ లెక్కలు తీయడం, మస్టర్ (హాజరు పట్టీ) రాయడం, నెలాఖరుకి ఒక్కొక్కరి ఓటీ (ఓవర్‌టైమ్) గంటలు కూడి అకౌంట్స్‌కి పంపడం నా పని. ఆ ఉద్యోగం మానేశాక చుట్టుపక్కల బస్తీల వాళ్లు జీతం స్లిప్పులు పట్టుకుని ఇంటికి రావడం మొదలుపెట్టారు. బాలానగర్ లేత్ మెషిన్ ఆపరేటర్ అడిగినా, అమీర్‌పేట హాస్టల్ వంటమనిషి అడిగినా ప్రశ్నలు దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

చట్టాల గురించి ఒక మాట ముందే చెప్పాలి. 2025 నవంబర్ 21న దేశమంతటా నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం, 1948 కనీస వేతనాల చట్టం, 1936 వేతన చెల్లింపు చట్టం వాటిలో కలిసిపోయాయి. కొత్త రూల్స్ పూర్తిగా వచ్చేదాకా, కోడ్‌లకు అడ్డం రానంతవరకు పాత రూల్స్ నడుస్తాయి. షాపుల చట్టం మాత్రం రాష్ట్రానిది. 1988 నాటి ఆ చట్టం ఇప్పటికీ ఉంది. అందుకే కింద కొన్నిచోట్ల పాత లెక్క, కొత్త లెక్క రెండూ చెప్పాను.

ఎన్ని గంటలు దాటితే ఓటీ?

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలావరకు సరిపోతుంది.

ఫ్యాక్టరీల పాత చట్టంలో రోజుకు 9 గంటల దాకా పని చేయించుకోవచ్చు, కానీ వారానికి 48 దాటకూడదు. రోజు లెక్కలో 9 దాటినా, వారం లెక్కలో 48 దాటినా ఓటీ వచ్చేది. ఆ నాలుగు కోడ్‌లలో ఒకటైన పని పరిస్థితుల కోడ్ రోజు పనిని 8 గంటలకు తెచ్చింది. రోజు లెక్క, వారం లెక్క రెండూ చూసి కార్మికుడికి ఏది లాభమైతే దాని ప్రకారమే ఓటీ కట్టాలని కూడా చెప్పింది. ఇది చాలా ముఖ్యం. సోమవారం 11 గంటలు చేయించుకుని, శనివారం 5 గంటలు మాత్రమే చేయించి ఇంటికి పంపించి, "వారం మొత్తం 48 దాటలేదు కదా" అనే లెక్క నేను చాలా చూశాను. ఆ సోమవారం మూడు గంటలు ఎక్కడికీ పోవు.

ఈ 48 గంటల వెనక పెద్ద కథే ఉంది. 1934 చట్టం ప్రకారం ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలు ఉండేది. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్న రోజుల్లో, 1946 సవరణతో అది 48 అయింది. మన తాతలు కొట్లాడి తెచ్చుకున్న గంటలవి. అందుకే ఎవరైనా "ఒక గంటేగా, దానికి కూడా లెక్కా?" అంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

మా దగ్గర సింగిల్ ఓటీ ఇస్తారు. డబల్ ఇవ్వాలంటారు. ఏది నిజం?

డబల్. ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ అదే చెప్పింది, కొత్త వేతనాల కోడ్ 14వ సెక్షన్ అదే చెప్పింది, షాపుల చట్టమూ అదే చెప్పింది. మామూలు గంటకు 75 రూపాయలు వస్తుంటే ఓటీ గంటకు 150.

సింగిల్ ఓటీ అనే మాట మన ఇండస్ట్రియల్ ఏరియాల్లో ఎంత పాతుకుపోయిందంటే, అదే చట్టమని నమ్మేవాళ్లు ఉన్నారు. యాజమాన్యం చాలాసార్లు చెప్పే మాట: "మీ జీతం కనీస వేతనం కంటే ఎక్కువే, అందుకే డబల్ అక్కర్లేదు." లేదా "కనీస వేతనానికి డబల్ కట్టి ఇచ్చాం, చాలు." 1972లోనే వై.ఏ. మమర్డే కేసులో సుప్రీంకోర్టు దీని మీద తేల్చి చెప్పింది. కనీస వేతనాల రూల్స్ కింద ఓటీ కట్టేటప్పుడు, మనిషికి నిజంగా వస్తున్న జీతం మీద డబల్ కట్టాలి గాని కనీస రేటు మీద కాదు అని. యాభై ఏళ్లు దాటిపోయింది ఆ తీర్పు వచ్చి.

గంట రేటు ఎలా తీయాలి? కంపెనీ లెక్క ఒకటి, నా లెక్క ఒకటి వస్తోంది.

బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి నెలకు 15,600 రూపాయలు అనుకుందాం. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 600. ఆ 600ని 8 గంటలతో భాగిస్తే గంటకు 75. ఓటీ గంటకు దానికి డబల్, అంటే 150. నెలలో 40 గంటల ఓటీ చేస్తే 6,000 రూపాయలు.

ఇక తేడా ఎక్కడ వస్తుందో చూడండి. కొన్ని కంపెనీలు 26 బదులు 30తో భాగిస్తాయి. అప్పుడు రోజుకు 520, గంటకు 65, ఓటీ గంటకు 130. అదే 40 గంటలకు 5,200. నెలకు 800 రూపాయలు ఎవరికీ కనపడకుండా పోయాయి. నెలజీతంలో వారాంతపు సెలవుల జీతం కలిసే ఉంటుంది కాబట్టి పనిరోజులు 26. కనీస వేతనాల జీవోల్లో రోజు కూలీ తీసేది 26తోనే. గ్రాట్యుటీ లెక్క కూడా 26తోనే కడతారు. ఈ రెండు చూపించి అడగండి. నేను టైమ్ ఆఫీసులో చేరిన కొత్తలో 30తో భాగించమని చెప్పారు, రెండేళ్లు అలాగే భాగించాను. ఆ రెండేళ్లు నేను పంపిన షీట్లు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నా బేసిక్ మరీ తక్కువ, అలవెన్సులే ఎక్కువ. ఓటీ బేసిక్ మీదే కడుతున్నారు.

పాత ఫ్యాక్టరీల చట్టంలో ఓటీకి లెక్కలోకి వచ్చేది బేసిక్ ఒక్కటే కాదు. అప్పటికి మీకు రావాల్సిన అలవెన్సులు కూడా కలుస్తాయి. బోనస్, ఓటీ డబ్బు మాత్రం కలవవు.

కొత్త కోడ్‌లు "వేతనం" అనే మాటకు వేరే అర్థం ఇచ్చాయి. బేసిక్, డీఏ, రిటైనింగ్ అలవెన్స్ (పని లేని సీజన్‌లోనూ ఇచ్చే భత్యం) వేతనం. ఇంటి అద్దె అలవెన్స్, రానుపోను ఖర్చు వంటివి వేతనం కాదు. అయితే ఇలా పక్కన పెట్టినవన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన మొత్తాన్ని మళ్లీ వేతనంలో కలపాలి.

ఉదాహరణకి నెలకు 30,000. అందులో బేసిక్ 9,000, ఇంటి అద్దె 13,000, రానుపోను 8,000. పక్కన పెట్టినవి 21,000. సగం అంటే 15,000. దాటిన 6,000 వేతనంలో కలుస్తుంది, వేతనం 15,000 అవుతుంది. గంటకు సుమారు 72, ఓటీ గంటకు సుమారు 144. కంపెనీ 9,000 మీదే కడితే సుమారు 86 రూపాయలే వస్తుంది. స్లిప్పులో బేసిక్ చిన్నదిగా ఉన్నవాళ్లందరూ ఒకసారి ఈ లెక్క వేసుకోండి.

సెక్యూరిటీ గార్డును. 12 గంటల డ్యూటీ. ఇదే మా డ్యూటీ అంటారు, ఓటీ అనే మాటే లేదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీరే. మాదాపూర్ టవర్ల ముందు, గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీల గేట్ల దగ్గర, ఆస్పత్రుల దగ్గర, ఏటీఎంల దగ్గర, రాత్రంతా కుర్చీలో కూర్చుని ఉండేది మీరే.

పైన చెప్పిన 15,600 జీతమే తీసుకుందాం. రోజుకు 8 గంటలు మామూలు, 4 గంటలు ఓటీ. నెలకు 26 రోజులంటే 104 ఓటీ గంటలు. గంటకు 150 చొప్పున 15,600. అంటే ఓటీయే ఇంకో నెల జీతం అయింది. నాలుగు గంటలు డబల్ రేటు మీద కడితే ఎనిమిది గంటల జీతంతో సమానం కదా. కాబట్టి 12 గంటల డ్యూటీకి రావాల్సింది రెండు డ్యూటీల డబ్బు. మధ్యలో నిజంగా గంట విశ్రాంతి ఇచ్చి, ఆ గంట మీరు పోస్టు వదిలి వెళ్లే వీలుంటే, ఓటీ రోజుకు మూడు గంటలు అవుతుంది. అప్పుడు 78 గంటలకు 11,700. గేటు దగ్గరే నిలబడి టిఫిన్ బాక్స్ తెరిస్తే దాన్ని విశ్రాంతి అనరు.

"12 గంటలకు కలిపే ఈ జీతం" అని ఏజెన్సీ చెబుతుంది. రాష్ట్రం సెక్యూరిటీ సర్వీసులకు కనీస వేతనం నిర్ణయించింది, అది 8 గంటల రోజుకు. కనీస వేతనం నిర్ణయించిన పనిలో మామూలు రోజు దాటి చేసిన ప్రతి గంటకూ, గంటలో భాగానికి కూడా డబల్ ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. అపాయింట్‌మెంట్ లెటర్‌లో 12 అని రాసుకున్నంత మాత్రాన రోజు 12 గంటలది కాదు.

నెలకు 30 రోజులూ డ్యూటీ వేస్తున్నారంటే వారం సెలవు కూడా పోతోంది. దాని గురించి కింద రాశాను.

బట్టల షాపులో సేల్స్‌లో ఉన్నాను. పండగ సీజన్‌లో రాత్రి 11 దాకా ఉంచుతారు.

తెలంగాణ షాపుల చట్టం మీకు వర్తిస్తుంది. రోజుకు 8, వారానికి 48. వరసగా ఐదు గంటలు చేశాక గంట విశ్రాంతి. వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా, విశ్రాంతితో కలిపి, 12 గంటలు మించకూడదు. దాటిన గంటలకు డబల్. 2023లో షాపులు 24 గంటలూ తెరుచుకునేలా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినప్పుడు కూడా ఓటీ ఇవ్వాలి, వారం సెలవు ఇవ్వాలి అనే షరతులు పెట్టింది. షాపు తెరిచి ఉండే గంటలు వేరు, మీరు పనిచేసే గంటలు వేరు.

నా మొదటి ఉద్యోగం కోఠిలో ఒక బట్టల షాపులోనే. దసరా ముందు పదిహేను రోజులు పొద్దున 9కి వస్తే రాత్రి పన్నెండు. చివరి బస్సు పోయేది, ఆటో డబ్బు జేబులోంచే. పండగ అయ్యాక సేఠ్ అందరికీ బిర్యానీ తెప్పించి, స్వీట్ బాక్స్ చేతిలో పెట్టాడు. మేం దండం పెట్టి తీసుకున్నాం. రోజుకు ఐదారు గంటల చొప్పున ఆ పదిహేను రోజుల ఓటీ ఎంతవుతుందో అప్పుడు లెక్క వేయడం రాలేదు. తర్వాత వేశాను, దాదాపు ముప్పావు నెల జీతం. బిర్యానీ ఆయన మంచితనం కావచ్చు. ఓటీ మా డబ్బు.

ఆఫీసుల్లో ఇప్పుడు పది గంటలు చేయాలంట కదా?

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు గురించి అడుగుతున్నారు. షాపులు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని అందులో ఉంది. అది చదివి చాలామంది వారానికి 60 గంటలు అనుకుంటున్నారు. కాదు. వారానికి 48 అలాగే ఉంది. రోజూ పది గంటలు చేస్తే ఐదో రోజు ఎనిమిది గంటలు చేసేసరికి వారం గంటలు అయిపోతాయి. ఆపైన చేసినదంతా ఓటీ. ఆరు గంటలకు మించి వరసగా చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి, విశ్రాంతితో కలిపి రోజు 12 గంటలు దాటకూడదు. మూడు నెలల్లో ఓటీ 144 గంటలు మించకూడదు.

ఐటీలో ఉన్నాను. మాకు ఓటీ ఉండదని హెచ్‌ఆర్ చెప్పింది.

ఐటీ, ఐటీ ఆధారిత సేవల సంస్థలకు పని వేళల సెక్షన్ల నుంచి రాష్ట్రం మినహాయింపు ఇస్తూ వచ్చింది. హెచ్‌ఆర్ చెప్పేది ఆ సగమే. మిగతా సగం ఆ మినహాయింపు షరతుల్లో ఉంది: వారానికి 48 గంటలు, దాటితే ఓటీ వేతనం, వారానికో సెలవు. కాల్ సెంటర్‌లో, సపోర్ట్‌లో, టెస్టింగ్‌లో ఉన్నవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. రాత్రి పన్నెండు దాకా లాగిన్‌లో ఉండి, పొద్దున్నే స్టాండప్ కాల్‌కి టెన్షన్‌గా లేచేవాళ్లు "మాది వైట్ కాలర్, మాకివన్నీ వర్తించవు" అని తమకు తామే చెప్పుకుంటున్నారు.

నా పోస్టు పేరు ఎగ్జిక్యూటివ్. సూపర్‌వైజర్ స్థాయి కాబట్టి ఓటీ రాదన్నారు.

పేరు కాదు, పని చూడాలి. కోర్టులు చాలాకాలంగా ఇదే చెబుతున్నాయి. మీరు రోజంతా చేసే ముఖ్యమైన పని ఏమిటి? మనుషుల్ని పెట్టుకోవడం, తీసేయడం, సెలవు మంజూరు చేయడం మీ చేతిలో ఉందా? లేక మీరూ మెషిన్ మీదో కంప్యూటర్ మీదో పనిచేస్తూ, పక్కనున్న నలుగురికి పని చెబుతున్నారా? రెండో రకమైతే మెడలో ఏ కార్డు వేలాడినా మీరు కార్మికులే. నిజంగా మేనేజ్‌మెంట్ పనిలో ఉన్నవాళ్లు, సూపర్‌వైజర్ పనిచేస్తూ నెలకు 18,000 దాటి వేతనం తీసుకునేవాళ్లు పని పరిస్థితుల కోడ్‌లో "కార్మికుడు" అనే నిర్వచనంలోకి రారు.

కాంట్రాక్టర్ కింద పనిచేస్తాను. కంపెనీ వాళ్లు కాంట్రాక్టర్‌ని అడగమంటారు, అతను ఫోన్ ఎత్తడు.

ముందు ఇవ్వాల్సింది కాంట్రాక్టర్. అతను ఇవ్వకపోతే అసలు కంపెనీ ఇవ్వాలి, ఇచ్చి అతని బిల్లులోంచి పట్టుకోవచ్చు. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం నుంచి ఈ సూత్రం ఉంది, కొత్త కోడ్‌లలోనూ ఉంది. కాబట్టి ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ రాయండి. ఒక్క కాంట్రాక్టర్ పేరే రాసి పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అతను ఆఫీసు ఖాళీ చేసి వెళ్లిపోతే నోటీసు ఇవ్వడానికి కూడా మనిషి దొరకడు.

పటాన్‌చెరు, కాటేదాన్ వైపు ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన తమ్ముళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఏ రాష్ట్రం వాడన్నది ఓటీకి సంబంధం లేదు. మీ పక్కన పనిచేస్తుంటే ఈ మాట వాళ్లకు చెప్పండి.

ఓటీ చేయనంటే కుదురుతుందా?

కుదురుతుంది. మీ ఒప్పుకోలు లేకుండా ఓటీ చేయించకూడదని పని పరిస్థితుల కోడ్ 27వ సెక్షన్‌లో ఉంది. మహిళల విషయంలో సాయంత్రం 7 దాటాక, పొద్దున 6 కంటే ముందు పనికి వాళ్ల ఒప్పుకోలు తప్పనిసరి, భద్రత ఏర్పాట్లు కూడా యాజమాన్యమే చూడాలి. పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకోవాలి, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు అని బతిమాలుకోవాల్సిన పని లేదు. "ఈరోజు ఉండలేను" అన్నది చాలు. వీలైతే మెసేజ్‌గా పెట్టండి.

లిమిట్ దాటి ఓటీ చేయించారు. ఇప్పుడు "లిమిట్ దాటింది కాబట్టి డబ్బు ఇవ్వలేం" అంటున్నారు.

ఫ్యాక్టరీల పాత చట్టంలో మూడు నెలలకు 50 గంటలు, ప్రత్యేక అనుమతితో 75 దాకా ఉండేది. దాటి చేయిస్తే తప్పు చేసింది యాజమాన్యం. ఆ తప్పుకు వాళ్లే బాధ్యులు, మీ గంటలు మాత్రం మీవే. రిజిస్టర్‌లో 50 రాసి మిగతావి "ఇన్సెంటివ్" అనో "అటెండెన్స్ అలవెన్స్" అనో సింగిల్ రేటుకి ఇవ్వడం చాలాచోట్ల ఉంది. స్లిప్పులో ఆ పేరు కనపడితే, ఆ నెల మీ గంటలు ఎన్నో చూసి, డబల్‌కి ఎంత తగ్గిందో లెక్క కట్టండి.

ఆదివారం పని చేయించి కాంప్ ఆఫ్ ఇచ్చారు. ఓటీ కూడా అడగొచ్చా?

రెండూ వేరు వేరు. వారానికి ఆరు రోజుల కంటే ఎక్కువ చేయించకూడదు. తప్పక చేయిస్తే ఆ నెలలోగానీ తర్వాతి రెండు నెలల్లోగానీ బదులు సెలవు ఇవ్వాలి. అది సెలవు లెక్క. ఆ ఆదివారం వల్ల ఆ వారం 48 గంటలు దాటితే దాటిన గంటలకు డబల్ రావాలి. అది గంటల లెక్క.

జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, ఇంకా యాజమాన్యం ప్రకటించిన పండగ సెలవుల్లో పనిచేస్తే ఆ రోజుకు డబల్ జీతం, లేదా మామూలు జీతంతో పాటు ఇంకో రోజు సెలవు. మే డే నాడు పని చేయించుకుని మామూలు హాజరు వేసే చోట్లున్నాయి. అది నాకు అస్సలు మింగుడు పడదు.

షిఫ్టుకి పావుగంట ముందు రమ్మంటారు. అయిపోయాక హ్యాండోవర్‌కి ఇంకో పావుగంట.

రమ్మన్న దగ్గర్నుంచి పనే. రోజుకు అరగంట అంటే 26 రోజులకు 13 గంటలు. పైన చెప్పిన రేటుకు 1,950 రూపాయలు.

కంపెనీ నష్టాల్లో ఉంది, సర్దుకోమంటున్నారు.

కరోనా సమయంలో గుజరాత్ ప్రభుత్వం అక్కడి ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటలు చేయించుకోవచ్చని, ఎక్కువ గంటలకు డబల్ అక్కర్లేదు, మామూలు రేటు చాలని ఉత్తర్వులు ఇచ్చింది. 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఆ కాలంలో చేసిన ఓటీకి చట్టప్రకారం డబ్బు ఇవ్వాలని కూడా చెప్పింది. లాక్‌డౌన్ లాంటి కష్టకాలంలోనే మాఫీ కానిది, మీ కంపెనీ ఆర్డర్లు తగ్గాయని మాఫీ కాదు.

"ఓటీ అడగను" అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

చెల్లదు. కోడ్ కింద రావాల్సిన డబ్బును వదులుకుంటున్నట్టు రాసిచ్చిన ఒప్పందం చెల్లదని వేతనాల కోడ్‌లోనే ఉంది. భయపడకండి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో "ఇక నాకేమీ రావాల్సింది లేదు" అన్న మాటకూ ఇదే సమాధానం. అయితే ఖాళీ కాగితం మీద మాత్రం ఎప్పుడూ సంతకం పెట్టకండి.

పీఎఫ్, ట్యాక్స్?

ఓటీ డబ్బు మీద మామూలుగా పీఎఫ్ పట్టరు. ఇన్‌కమ్ ట్యాక్స్‌కి మాత్రం అది జీతంలో భాగమే.

డెలివరీ బాయ్స్‌కి, ఇళ్లలో పనిచేసేవాళ్లకి?

వీళ్ల విషయంలో చట్టం ఇంకా అన్యాయంగానే ఉంది. డెలివరీ, క్యాబ్ యాప్‌ల మీద పనిచేసేవాళ్లను చట్టం గిగ్ వర్కర్లు అని వేరుగా పెట్టింది, ఉద్యోగులుగా చూడదు. సామాజిక భద్రత మాట ఉంది గాని ఓటీ లేదు. రాత్రి ఒంటిగంటకు వానలో బిర్యానీ మోసుకొచ్చే పిల్లవాడికి పదమూడో గంటకూ అదే రేటు. ఇళ్లలో పనిచేసే అక్కలకూ అంతే, ఇల్లు షాపుల చట్టం కిందికి రాదు. పనిలో చేరేటప్పుడే గంటలు, పండగ రోజు పని, చుట్టాలొచ్చిన రోజు పని అన్నీ మాట్లాడుకోవడం ఒక్కటే ప్రస్తుతానికి దారి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు యాజమాన్యానికే రాతపూర్వకంగా ఇవ్వండి. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టులో పంపండి.

కదలిక లేకపోతే షాపులు, ఆఫీసులు, ఏజెన్సీల వాళ్లు మీ ఏరియా లేబర్ ఆఫీసర్ దగ్గరికి. ఫ్యాక్టరీలో పని గంటల ఉల్లంఘన అయితే ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్‌కి కూడా. రైల్వే, బ్యాంకులు, ఎయిర్‌పోర్టు లాంటి చోట్ల పనిచేసేవాళ్లు కేంద్ర లేబర్ కమిషనర్ పరిధిలోకి వస్తారు. ఎవరి దగ్గరికో తెలియకపోతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కి వెళ్లండి, రాష్ట్ర లేబర్ కమిషనర్ కార్యాలయం అక్కడే. ఆల్విన్‌లో కార్మికుడిగా పనిచేసి, 1980లో ముఖ్యమంత్రి అయిన అంజయ్య పేరు పెట్టిన భవనం అది. లోపలికి వెళ్లడానికి బెరుకు అక్కర్లేదు.

బకాయి కోసం క్లెయిమ్ వేయడానికి కొత్త కోడ్‌లో మూడేళ్ల గడువు ఉంది. రావాల్సిన డబ్బుకు తోడు పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది. డబ్బు ఇచ్చామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కూడా యాజమాన్యానిదే. వకీలు ఖర్చు గురించి ఆలోచిస్తుంటే, పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి.

ఫిర్యాదు చేస్తే పనిలోంచి తీసేస్తారేమో.

ఈ భయం అబద్ధమని చెప్పను. తీసేసినవాళ్లు ఉన్నారు. అందుకే ఒక్కరే వెళ్లొద్దంటాను. ఎంతమంది ఉన్నా అందరికీ కలిపి ఒకే దరఖాస్తు వేయొచ్చు. మీ తరఫున రిజిస్టర్డ్ యూనియన్ వేయొచ్చు, ఇన్‌స్పెక్టరే వేయొచ్చు. పదిమంది పేర్లున్న కాగితం మీద ఒకరిని వెతికి పట్టుకోవడం కష్టం. చాలామంది ఉద్యోగం మారాక వేస్తారు, మూడేళ్ల గడువు ఉంది కాబట్టి అదీ ఒక దారే. కానీ నెలలు గడిచేకొద్దీ వెనకటి బకాయి చేజారుతుందని మరిచిపోవద్దు.

నా దగ్గర ఏ ఆధారమూ లేదు. పంచింగ్ మెషిన్ వాళ్లది, రిజిస్టర్ వాళ్లది.

రిజిస్టర్లు తెమ్మని యాజమాన్యాన్ని అధికారి ఆదేశిస్తారు. కానీ ఆ రిజిస్టర్లు రాసే సీట్లో కూర్చున్నవాడిని నేను. ఓటీ గంటలు ఎలా మాయమవుతాయో నాకు తెలుసు. అందుకే మీ దగ్గర మీ సొంత లెక్క ఉండాలి. షిఫ్టు మార్చమని సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్, కంపెనీ బస్సు టైము, రాత్రి టికెట్టు, ఇంటికి ఆలస్యమవుతుందని భార్యకి చేసిన ఫోన్ కాల్ టైము, అన్నీ పనికొస్తాయి. జీతం బ్యాంకులో పడిన స్టేట్‌మెంట్ తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యం పది రూపాయల చిన్న నోట్‌బుక్. ఏ రోజుది ఆ రోజే, ఒకే పెన్నుతో కూర్చుని నెల మొత్తం రాసినట్టు కాకుండా. తప్పు పడితే కొట్టేసి పక్కన రాయండి, పేజీ చింపొద్దు. ఓటీ లేని రోజు కూడా రాయండి, అప్పుడే ఉన్న రోజు నమ్ముతారు.

షిఫ్టు 8 నుంచి 4.30 అయితే ఇలా:

10, మంగళ. లోపలికి 7.52. బయటికి 6.35. లంచ్ అరగంట. ఓటీ 2 గంటలు. ఉండమన్నది షిఫ్ట్ ఇన్‌ఛార్జి. డిస్పాచ్ లోడింగ్.

11, బుధ. 7.55 నుంచి 4.34. ఓటీ లేదు.

12, గురు. 7.50 నుంచి రాత్రి 8.45. లంచ్ అరగంట, టీ పావుగంట. ఓటీ 4 గంటలు. బి షిఫ్ట్ మనిషి రాలేదు. గేటు రిజిస్టర్‌లో సంతకం పెట్టనివ్వలేదు.